తొట్టి నిండలేదని నమ్మిన ప్రోగ్రాం

చదువు ముగిసి కొత్తగా పనిలో చేరిన ఆ కాలంలో, నాకు అనుమానం లేనివి లోకంలో రెండే ఉండేవి: నేను, నా లాప్‌టాప్. మిగతా అందరూ నా పని చెడగొట్టడానికే పొద్దున్నే లేస్తారని గట్టిగా నమ్మేవాణ్ణి. విశాఖపట్నంలో ఉద్యోగం దొరక్క (నా స్థాయికి తగినది దొరకలేదని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి) చోడవరంలో మా బావ నడిపే షాపులో చేరాను. పంచదార ఫ్యాక్టరీ రోడ్డులో చిన్న రేకుల షెడ్డు అది. చెరుకు తోటల మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టెలు తయారుచేసేవాళ్ళం. పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఏదో ఒక వేళకు వస్తుంది. రాగానే మోటారు దానంతటదే ఆడాలి, తొట్టి నిండగానే దానంతటదే ఆగాలి. పెట్టెలో ఒక చిన్న బోర్డు, అందులో ఎవరో ఎప్పుడో సీ భాషలో రాసిన ప్రోగ్రాం. చూడటానికి అతుకుల బొంతలా ఉండేది గానీ పనిచేసేది.

పనిచేస్తున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు. అప్పుడే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి నేర్చుకుని ఉన్నాను. అందులో ఒకసారి పేరు పెట్టిన విలువ ఇక మారదు. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు వస్తుంది. మాట మీద నిలబడే భాష దొరికిందని మురిసిపోయి, ఆ ప్రోగ్రామంతా అందులోకి మార్చి రాశాను. షాపులో బల్ల మీద పరీక్షించాను. స్విచ్చి వేసిన ప్రతిసారీ తొట్టి నిండిందో లేదో సరిగ్గా చెప్పింది. బావకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అందువల్ల చాలా మెచ్చుకున్నాడు. మా వైర్‌మ్యాన్ మాత్రం "బాగున్నదాన్ని ఎందుకు కెలకడం బాబూ" అన్నాడు. పెళ్ళికి వెళ్ళినా చొక్కా జేబులో టెస్టర్ పెట్టుకునే మనిషి కాబట్టి అందరూ అతన్ని టెస్టర్ అనే పిలిచేవారు. ఆ ఒక్క మాటతో అతను నా అనుమానపు జాబితాలో మొదటివాడయ్యాడు.

మొదటి పెట్టెను రావికమతం దగ్గర మా మేనత్త పొలంలో బిగించాం. వారం తిరక్కుండా అత్త ఫోన్ల మీద ఫోన్లు. ఒకరోజు మోటారు ఆగకుండా ఆడి, తొట్టి పొంగి, పక్కనే పోసుకున్న చెరుకు నారు మునిగిపోయింది. ఇంకో రోజు అసలు ఆడనే లేదు. మర్నాడు మళ్ళీ పొంగింది. యంత్రం చెడితే రోజూ ఒకేలా చెడాలి గానీ ఇలా పూటకో బుద్ధి చూపిస్తే, దాని వెనక మనిషి చెయ్యి ఉన్నట్టే కదా. అత్త దృష్టిలో ఆ చెయ్యి పక్క పొలంవాడిది: "నా తోట పచ్చగుంటే ఆడి కళ్ళు ఎర్రబడతాయిరా." మా పెట్టె వల్ల పాడైందని చెప్పి కొత్త మోటారు ఊరికే కొట్టేయడానికి అత్తే నాటకమాడుతోందని బావ లోలోపల అనుమానం. నాకు మాత్రం సందేహమే లేదు. ఒకరి మీద చాడీలు చెప్పడం నాకు గిట్టదు, అందుకని బావను ప్రశ్నలా అడిగాను, ఆ పెట్టె తాళంచెవి మీరు ఎవరికిచ్చారని. టెస్టర్‌కేనన్నాడు బావ. తర్వాత, "దొరికేడంటే రేపట్నుంచి రావద్దని సెప్పేస్తాను" అన్నాడు. టెస్టర్‌కు ఇద్దరు చిన్నపిల్లలు, అద్దె ఇల్లు, వేరే పని లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, చాటుగా కాపుకాసి పట్టుకుందామని బావ బండి వెనక ఎక్కి కూర్చున్నాను.

మేం పొలానికి చేరేసరికి మోటారు ఆడుతోంది. బావా నేనూ చెరుకు తోట అంచున నక్కాం. (చెరుకాకు చేతులు కోస్తుందని చదువులో ఎవరూ చెప్పలేదు.) అత్త షెడ్డు వెనక నిలబడి పక్క పొలంవాడి గట్టు మీద కన్నేసి ఉంచింది. కాసేపటికి మా వెనక తోటలో గలగలమంది. బావ చెయ్యి చాపి చొక్కా పట్టుకుని బయటికి లాగితే, టెస్టరు, చేతిలో టిఫిన్ క్యారేజీతో సహా. నా గుండె విజయంతో ఉప్పొంగింది. ఇక్కడేం పని అని బావ నిలదీస్తే, అతను నా వైపు చూపించాడు. "ఈ బాబుని కాపలా కాస్తన్నాను. ఫోన్లోంచి ఏదో నొక్కేసి నా మీదకి తోసేస్తన్నాడేమోనని."

నేను నోరు తెరిచేలోగా షెడ్డు వైపు నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఒరే, మీరు ముగ్గురూ అక్కడే ఉంటే నా మోటారెవుడు ఆడిస్తన్నాడ్రా?"

చూస్తే తొట్టి నాలుగు అంచుల మీంచీ నీళ్ళు పొంగుతున్నాయి. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. దరిదాపుల్లో పక్క పొలంవాడు కాదు కదా, అతని గేదె కూడా లేదు. అత్త మెయిన్ లాగేసి మోటారు ఆపింది. నేను గట్టు మీద కూలబడి లాప్‌టాప్ తెరిచాను. తప్పు కనపడటానికి ఎక్కువసేపు పట్టలేదు. అది ఎప్పటినుంచో నా ఎదుటే ఉంది, నేనే మనుషుల్ని చూస్తూ కూర్చున్నాను. తొట్టి నిండిందా అనే దానికి ఒక పేరు పెట్టి వదిలేశాను. ఒకసారి పేరు పెట్టాక ఆ భాష ఇక మాట మార్చదు. కరెంటు రాగానే ఒక్కసారి తొట్టిని చూసి, ఆపైన కరెంటు పోయేదాకా ఆ జవాబే పట్టుకు వేలాడుతోంది. అప్పటికి తొట్టి ఖాళీగా ఉంటే ఇక రోజంతా ఖాళీయే. నిండి ఉంటే రోజంతా నిండే. షాపులో నేను ప్రతిసారీ స్విచ్చి తీసి వేశాను కాబట్టి బయటపడలేదు.

దీన్ని కొంచెం గౌరవంగా చెబుదామని ఏవో పెద్ద మాటలు మొదలుపెట్టాను. అత్త తెలుగులో సెప్పమంది. చెప్పాను. "ఒకసారి చూసి నిండలేదనుకుంటోందత్తా. మళ్ళీ చూడట్లేదు. నేనే అలా రాశాను."

"మళ్ళీ సూడకుండా దానికెలా తెలిసిపోద్దిరా" అంది అత్త. బావ అప్పటిదాకా పట్టుకునే ఉన్న టెస్టర్ చొక్కా వదిలి, నలిగిన కాలర్‌ను అరచేత్తో రెండుసార్లు సాపు చేశాడు. క్షమాపణ అనే మాట ఎవరూ అనలేదు. అనాల్సింది నేను. తాళం సంగతి ఎత్తింది నేనేనని బావ చెప్పలేదు, టెస్టర్ అడగలేదు, నేనూ ఊరుకున్నాను.

ప్రోగ్రాం సరిచేయడానికి ఒక పూట పట్టింది. ఇప్పటికీ ఆ పెట్టెల్లో నడుస్తోంది అదే. టెస్టర్ మా షాపులోనే ఉన్నాడు. కానీ ఆ తర్వాత చాలాకాలం, ఏ పెట్టె తెరవబోయినా ముందు నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకునేవాడు. రెండు చేతులూ పైకెత్తి, "సూడు బాబూ, ఇంకా ముట్టుకోలేదు" అనేవాడు. షాపంతా నవ్వేది. నేనే అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి, అది వేళాకోళమే అయ్యుంటుందని. ఆ పిలుపు ఎప్పుడు మానేశాడో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మానేసిన రోజున, అంత తెలివైన కుర్రాణ్ణి, కాస్త గమనించి ఉండాల్సింది.