తోడొచ్చినవాళ్లు బయట

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఇంట్లోవాళ్ల నుంచి రాలేదు. అత్త స్నేహితుడు మునిరత్నం ఫోన్ చేసి చెప్పాడు. అతను ఒక్కో ఊపిరికి ఒక్కో మాటే చెబుతాడు. "అక్క పోయిందప్పా. చిత్తూరు ఆస్పత్రిలో. నేను పక్కనే ఉండినాను. నువ్వు రా. బస్సులో ఏడస్తా రావద్దు, అందరూ సూస్తారు."

ముందురోజు ఆయాసం ఎక్కువైతే అత్త పక్కింటివాళ్ల ఆటో ఎక్కి, మునిరత్నాన్ని పిలవమని చెప్పిందట. పూతలపట్టులో ఉన్న మా నాయనకు గానీ, తిరుమల కొండమీద అంగడి పెట్టుకున్న మా పెదనాయనకు గానీ ముందు చెప్పమనలేదు. ఆస్పత్రిలో ఎవరో మునిరత్నం మొహం చూసి, "నీకు తోడెవరొచ్చినారు?" అని అడిగారట. "నేనే ఆమెకి తోడు" అన్నాడట అతను. ఆ జవాబు అతను నేర్చుకున్నది మా అత్త దగ్గరే. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తకూ మునిరత్నానికీ ఉన్నదాన్ని కాగితాల మీద మేధో వైకల్యం అంటారు. ఊళ్లో అనే మాటలు ఇక్కడ రాయను. అత్త చదువుకోలేదు, పెళ్లి చేసుకోలేదు. ఐరాల దగ్గర మా పల్లెలో తన తల్లి, మా అవ్వతో కలిసి రెండు ఆవుల్ని మేపుకుంటూ ఉండేది. ఆమెను ఒక మాట అడిగితే జవాబు రావడానికి కొంత సేపు పట్టేది. ఆవు తొట్టిలో మూతి పెట్టి, నీళ్లు తాగి, తల ఎత్తేంత సేపు. లోకం అంత సేపు ఆగదు. ఆ సందులో ఎవరో ఒకరు దూరేవారు. బస్సులో కండక్టరు ఆమెను పక్కనే పెట్టుకుని "ఈమె యాడ దిగతాది?" అని అవ్వను అడిగేవాడు. అవ్వ చిత్తూరు అనేసేది. అత్త నోటిదాకా వచ్చిన కాణిపాకం లోపలికి పోయేది. "నా మాట నోట్లోనే మెత్తబడిపోతాది అబ్బోడా, నానేసిన బియ్యం మాదిరి" అని నాతో ఒకసారి అంది. కోపంగా అనలేదు. ఆమె వాటా కోపం కూడా నేనే పడేవాణ్ని.

చిత్తూరులో ఒక మిద్దె మీది గదిలో ఇలాంటివాళ్లంతా నెలనెలా కలుసుకునే సంఘం ఒకటి ఉంది. హోటల్లో బల్లలు తుడిచే ఆయన, పూలు కట్టే ఒకమ్మాయి, మామిడికాయల గంపలు మోసే మునిరత్నం, ఇంకా కొందరు. అత్తను ఐరాల బస్సులో అక్కడికి తీసుకుపోవడం నా పని. మొదట్లో ఆ సంఘం పెళ్లిచూపుల్లా జరిగేది. ఎవరి కోసం వచ్చారో వాళ్లు తల వంచుకుని కూర్చునేవారు, చుట్టూ ఉన్న తల్లులూ అన్నలూ వదినలూ మాట్లాడేవారు. "మావోడికి ఇవన్నీ తెలియవు సార్," "మా పాపకి తీపంటే ఇష్టం" అని వాళ్ల ఇష్టాయిష్టాలు కూడా వీళ్లే చెప్పేవారు.

ఒక నెల అత్త లేచి నిలబడింది. చాలా సేపు నిలబడింది. ఎవరో నీళ్లు కావాలేమో అన్నారు, ఇంకెవరో బాత్రూముకేమో అన్నారు. ఆమె ఇద్దరివైపూ చూసి, "తోడొచ్చినోళ్లు బయట కూసోండి" అంది.

తల్లులకు రోషం వచ్చింది. "ఇన్నేళ్లు సాకింది మేము. మమ్మల్నే బయటికి పొమ్మంటావా మే?" అని పూలమ్మాయి తల్లి నిలదీసింది. ఆ నెల ఎవరూ కదల్లేదు. మరుసటి నెల అత్త బస్సెక్కేటప్పుడు గుడ్డసంచి నిండా ఉడకేసిన చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, తెచ్చింది. వరండాలో చెప్పులు విడిచే చోట చాప పరిచి, పళ్లెంలో ఆ కాయలు కుమ్మరించి, "తినండి" అంది. మర్యాద కాబట్టి అందరూ కూర్చున్నారు. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, చెనిక్కాయలెందుకని. కాణిపాకం దాటాక జవాబు వచ్చింది. "ఒలిస్తా ఉంటే సెయ్యి ఖాళీ ఉండదు. నమల్తా ఉంటే నోరు ఖాళీ ఉండదు. నోరు ఖాళీగా ఉండేవోళ్లే మాకు బదులు మాట్లాడేది."

అప్పటినుంచి అది సంఘం ఆచారమైంది. తలుపు దగ్గర మునిరత్నం కాపలా. కలెక్టరొచ్చినా, సంఘం సభ్యుడు కాకపోతే చాప మీదకే. వరండాలో కూడా ఒక మార్పు వచ్చింది. ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం మొదలైంది. పూలమ్మాయి తల్లి ఒకరోజు గోడకు ఆనుకుని, "ఇన్నేళ్లకి నేను కూడా కాసేపు ఊరికే కూసున్నానప్పా" అంది.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. బస్టాండులో ఎవరు ఏది పంచినా చదువుతాను, చదివినదానికల్లా రగిలిపోతాను. సంఘం అర్జీ పెట్టబోతోందని తెలిసి నేనూ ఒక కరపత్రం రాసుకొచ్చాను. నన్ను లోపలికి పిలిచి చదవమన్నారు. "అణచివేతకు గురవుతున్న మేధో వికలాంగ ప్రజానీకమా, మేలుకోండి" అని ఎత్తుకున్నాను.

మునిరత్నం చెయ్యెత్తాడు. "ప్రజానీకం అంటే ఎవురు?"

"మీరే."

"అట్లయితే మీరే అని రాయి."

అత్త ఆలోచించింది. "మేము మేలుకోనే ఉండాము కదా. పొద్దున్నే ఆవులు పిండాల" అంది. గదంతా నవ్వింది. చివరికి అచ్చేసిన కాగితం మీద మిగిలింది ఒకటే మాట: మమ్మల్నే అడగండి. ఆమె చెప్పింది, నేను పెద్ద అక్షరాలతో రాశాను. వికలాంగుల శిబిరంలో అధికారులు పక్కనున్నవాళ్లను కాకుండా తమనే అడగాలన్నది వాళ్ల అర్జీ.

సోమవారం అర్జీల రోజున అత్తా నేనూ ఆ కాగితం పట్టుకుని కలెక్టరాఫీసుకు వెళ్లాం. బల్ల వెనక కూర్చున్న అధికారి దాన్ని చదివాడు, తల ఊపాడు, తల ఎత్తి నన్ను అడిగాడు: "ఏం కావాలంట ఈమెకి?"

నోరు తెరిచాను. అత్త నా చొక్కా పట్టి వెనక్కి లాగింది. "నువ్వు బయట కూసో అబ్బోడా" అంది. నేను వాకిలి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె అధికారి కళ్లలోకి చూస్తూ ఊరుకుంది. ఆయన పెన్ను తిప్పాడు, గడియారం చూశాడు, వెనక వరసలో జనం సణిగారు. ఆయన ఆగాడు, అది ఆయన మంచితనం. ఆమె అంది: "నన్ను అడుగు సార్. నేను లేటుగా చెప్తా. కానీ నేనే చెప్తా."

విప్లవమేమీ రాలేదు. తర్వాతి శిబిరంలో డాక్టరు ముందు మనిషికి ఒక కుర్చీ, తోడొచ్చినవాళ్లకు వెనకాల ఒక కుర్చీ వేశారు. అంతే జరిగింది. ఆ ముందు కుర్చీలో కూర్చున్నవాళ్ల మొహాలు మాత్రం నేను చూశాను.

అవ్వ పోయినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. దినాలు అయ్యాక పెదనాయన, నాయన, ఊరి పెద్దమనిషి ఒకాయన మా పల్లె ఇంట్లో కూర్చున్నారు. అత్తను తిరుపతి దగ్గర ఒక ఆశ్రమంలో చేర్చాలన్నది పెదనాయన నిర్ణయం. ఆవుల్ని అమ్మేయాలి, ఇంటికి తాళం వేయాలి. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలు ఒంటరిగా పడి ఉంటుందని భయం. ఆ భయాన్ని చెల్లెలితో తప్ప అందరితో చెప్పాడు.

అత్త వంటింట్లోంచి పళ్లెం తెచ్చింది. బయట తిన్నె మీద పెట్టింది. లోపలికొచ్చి నిలబడి, "తోడొచ్చినోళ్లు బయట" అంది.

పెదనాయనకు అర్థం కాలేదు. "ఎవురు మే తోడొచ్చినోళ్లు? ఇది మా నాయన కట్టిన ఇల్లు."

ఆమె కదల్లేదు. మొదట లేచింది మా నాయన. "రాన్నా, చెనిక్కాయలు చల్లారిపోతాయి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అందరం తిన్నె మీదికి వచ్చాం. సంఘం నుంచి వచ్చిన మునిరత్నం, పూలమ్మాయి మాత్రం ఆమెతో లోపల ఉన్నారు. పళ్లెం ఖాళీ అయ్యాక ఆమె బయటికి వచ్చింది.

"నేను ఈడ్నే ఉంటా. ఆవులు నాతోనే ఉంటాయి. తోడు పండుకోను పక్కింటి పాప వస్తాది, నేనే అడిగినా, వస్తానన్నింది."

"జబ్బు జేస్తే?" అన్నాడు పెదనాయన.

ఆమె తీరిగ్గా ఆలోచించింది. ఈసారి ఎవరూ ఆ సందులో దూరలేదు. "జబ్బు జేస్తే పిలుస్తా. నీకూ జేస్తాది కదన్నా. నువ్వు పోతావా ఆశ్రమానికి?"

పెద్దమనిషి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. పెదనాయన చెప్పులు వేసుకుని బస్సుకు పోయాడు. ఆమె కొన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉంది. పాలు పోసింది, సంఘానికి పోయింది, ఒకసారి ఒక్కతే బస్సెక్కి కాణిపాకంలో దిగి, గుడి ముందు ఐస్‌క్రీమ్ తిని తిరిగొచ్చింది. ఎందుకు పోయావంటే, "దిగతానని నేనే చెప్పినా" అంది. జబ్బు చేసినప్పుడు పిలిచింది కూడా, తనకు నచ్చినవాణ్ని.

దహనమయ్యాక పెదనాయన అందరి ముందూ అన్నాడు: "నా మాట యినుంటే ఇంకా పదేళ్లు బతికుండేది." నాయన నా భుజం నొక్కి పట్టుకోకపోతే ఆ రోజు గొడవయ్యేది. అనాల్సిందంతా కాగితం మీద పెట్టాను. సంఘంవాళ్లు చిత్తూరులో సంస్మరణ సభ పెట్టుకున్నారు. పెదనాయన కూడా కొండ దిగి వచ్చాడు. ఆయన ముందే చదవాలని నా జేబులో కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

తలుపు దగ్గర మునిరత్నం చెయ్యి అడ్డం పెట్టాడు. "తోడొచ్చినోళ్లు బయట."

"ఆమె మా అత్తప్పా. నేను మాట్లాడాల" అన్నాను.

"నువ్వు సంఘమా?"

"కాదు."

"ఆమె మా సంఘం" అన్నాడు. తలుపు వేసేశాడు.

వరండాలో చాప పరిచి ఉంది. నేనూ నాయనా ఒక పక్క, తల్లులు ఒక పక్క, పెదనాయన గోడవార. కాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. పూలమ్మాయి పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టి వెళ్లింది. ఉడకేసిన చెనిక్కాయలు, ఇంకా ఆవిరి కక్కుతున్నాయి. లోపల ఎవరో మాట్లాడటం మొదలుపెట్టారు, ఆగారు. ఆ సందులో పెదనాయన నా వైపు తిరిగి ఏదో అనబోయాడు. పూలమ్మాయి తల్లి పళ్లెం ఆయన ముందుకు జరిపింది.

ఆయన ఒక కాయ తీసుకున్నాడు. ఒలిచాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. మూసిన తలుపు ముందు, విడిచిన చెప్పుల పక్కన, పొట్టు కొంచెం కొంచెంగా కుప్ప పడుతూ ఉంది.