లాలాగూడ నుంచి ఎమ్మెస్సీ పరీక్షకు, ఒళ్లో వేడి కుక్కర్‌తో

మా మనవరాలు షారోను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు చదువుతోంది. ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఉన్న ఆ కాలేజీకి అద్దాల ముఖద్వారం ఉంది, ఫౌంటెన్ ఉంది, పనిచేసే ఆటోక్లేవ్ మాత్రం లేదు. బ్యాక్టీరియాని పెంచడానికి వాడే అగర్‌ని ముందుగా ఆవిరిలో ఉడికించి, అందులో ఏ క్రిమీ మిగలకుండా చేసే యంత్రం అది. అది లేని మైక్రోబయాలజీ ల్యాబు పొయ్యి లేని వంటిల్లే. దసరా సెలవులకు ముందు పాడైంది. బాగుచేయించకపోగా, "ప్రాక్టికల్ పరీక్షకు ఎవరి అగర్ వాళ్లు ఇంట్లో కుక్కర్లో చేసి తెచ్చుకోవాలి" అని పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినదాన్ని. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అదే ఉంది. అలా ఈ ప్రయాణం నా మెడకు చుట్టుకుంది.

ఉదయం ఆరున్నరకు దూది బిరడాలు పెట్టిన మూడు చిన్న ఫ్లాస్కులు మా అయిదు లీటర్ల కుక్కర్లోకి దిగాయి. వెయిట్ పెట్టాక సరిగ్గా ఇరవై నిమిషాలు. ఇబ్బంది ఆ తర్వాతే. అగర్ వేడిగా ఉన్నంతసేపే నీళ్లలా ఉంటుంది, చల్లారితే జున్నులా గడ్డకడుతుంది. గడ్డకట్టిందా, ప్లేట్లలో పోయలేం, పరీక్ష అక్కడితో సరి. అందుకని ప్రెషర్ దిగాక మూత తీయకుండా, కుక్కర్ని రెండు దుప్పట్లలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పరీక్ష ఎనిమిదిన్నరకు. బస్సులో మారుతూ వెళ్తే గంట పైనే పడుతుంది కాబట్టి ఏడు నలభైకి ఆటో ఎక్కాం. డ్రైవరు యూసుఫ్ రెండొందల యాభై అన్నాడు, రెండొందల ఇరవైకి దిగాడు.

"గిదేందమ్మా, పొద్దుగాల్నే బిర్యానీ? దావతా?"

"దావతే నాయనా. బ్యాక్టీరియాకి."

అద్దంలో నన్ను చూశాడు, కుక్కర్ని చూశాడు. "పేలదు గద?"

"పేలాల్సింది నేను. దానికింకా టైముంది."

మౌలాలి దగ్గర లారీ ఒకటి అడ్డం తిరిగి రోడ్డంతా ఆగిపోయింది. షారోను దుప్పటి కింద చెయ్యి పెట్టి వేడి చూస్తూ, నిమిషానికోసారి టైమెంతని అడుగుతూ కూర్చుంది. "పరేషాన్ గాకు బిడ్డా, గల్లీలకెళ్లి తీస్కపోతా. అమ్మా, మీరు జెర గట్టిగ పట్టుకోండ్రి" అని యూసుఫ్ హ్యాండిల్ తిప్పాడు. సందుల్లో ఎగిరెగిరి పడుతూనే సంగతంతా చెప్పాను. విని అడిగాడు, "గంత పెద్ద కాలేజీల ఒక పొయ్యి లేదా అమ్మా?"

"ఫౌంటెన్ ఉంది."

ఎనిమిదీ ఇరవైకి గేటు దగ్గర దిగాం. "బయటి తిండి లోపలికి అలౌడ్ లేదమ్మా" అన్నాడు సెక్యూరిటీ. అది మనుషులు తినేది కాదని చెప్పి, అతను ఆలోచించేలోగా మెట్లెక్కాం. ల్యాబ్‌లో మూత తీస్తే అగర్ ఇంకా కదులుతోంది. షారోను గబగబా ప్లేట్లలో పోసేసింది.

అప్పుడొచ్చాడు వాళ్ల హెచ్‌ఓడీ. "మేడం, బయటినుంచి ఎగ్జామినర్ గారు వచ్చేశారు. ఆ కుక్కర్ కాస్త వెనక మెట్ల నుంచి తీసుకెళ్లిపోండి." తర్వాత షారోను రికార్డు పుస్తకం తిరగేశాడు. "ఇదేంటమ్మా, 'ఇంట్లో ప్రెషర్ కుక్కర్లో' అని రాశావు? కొట్టేసి 'ఆటోక్లేవ్‌లో' అని రాయి. అందరూ అలాగే రాశారు. ఇంటర్నల్ మార్కులు వేసేది నేనే, గుర్తుందిగా?"

నేను నోరు తెరిచాను. "అమ్మమ్మా, నువ్వు ఆగు" అంది షారోను. జీవితంలో మొదటిసారి ఆగాను.

"చేసిందే రాశాను సార్. చెయ్యనిది రాస్తే, రేపు ప్లేట్లు పాడైతే తప్పెక్కడ జరిగిందో నేనెలా వెతుక్కోను?"

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, కుక్కర్‌తో సహా. తలుపు తెరిచే ఉంది. ఎగ్జామినర్ ఆవిడ రికార్డు చదివి, "కుక్కర్ పనిచేసిందని ఏంటమ్మా నమ్మకం?" అంది.

"ఒక ప్లేట్లో ఏ బ్యాక్టీరియా వెయ్యకుండా వదిలేశాను మేడం. రేపటికి అందులో ఏమన్నా పెరిగితే పనిచేయనట్టే."

ఆవిడ మిగతా రికార్డులు ఒక్కొక్కటే తెరిచి, హెచ్‌ఓడీ వైపు తిరిగింది. "ఈ ఆటోక్లేవ్ ఎక్కడుందో చూపిస్తారా?" ఆయన చాలాసేపు తాళంచెవి వెతికాడు.

మర్నాడు ఆ ఖాళీ ప్లేటు అద్దంలా శుభ్రంగా ఉంది. మార్కులు ఇంకా రాలేదు. ఇంటర్నల్‌లో కోస్తారేమోనని షారోను భయం, కోస్తే ఏం చెయ్యాలో నా ఆలోచన. కుక్కర్ వాడటం నామోషీ అని నేననను. ఒకప్పుడు నేనూ దానితోనే పాఠాలు చెప్పాను, కానీ రికార్డులో కుక్కర్ అనే రాయించాను. ఇరవై రెండేళ్ల పిల్లలకి సైన్సు పేరుతో అబద్ధం రాయడం నేర్పి, దానికి మార్కులు వేస్తున్నారే, నా ఒళ్లు మండేది అందుకు. నాలుగు రోజుల తర్వాత ఆ హెచ్‌ఓడీయే కబురంపాడు, జూనియర్ల పరీక్షకు మా కుక్కర్ ఇస్తారా అని. తప్పకుండా ఇస్తానన్నాను, కాకపోతే "మా ఆటోక్లేవ్ పనిచేయడం లేదు కనుక" అని మొదలుపెట్టి ఒక ఉత్తరం రాయమన్నాను. ఇంతవరకు రాలేదు.

పిల్లల్ని ఎమ్మెస్సీలో చేర్చడానికి కాలేజీ చూడబోయేవాళ్లకు ఒక్క సలహా. ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి వచ్చేయకండి. సీనియర్ల రికార్డు ఒకటి అడిగి తీసుకుని, అందులో రాసిన యంత్రాల్లో ఏదో ఒకదాన్ని మీ కళ్లముందు ఆన్ చెయ్యమనండి.