ముసురుకు గడి లేదు

1954 జూన్‌లో నన్ను కర్నూలు వాతావరణ అబ్జర్వేటరీకి సీనియర్ అబ్జర్వరుగా బదిలీ చేశారు. సీనియర్ అన్నారు కదా అని నా కింద పదిమంది ఉన్నారనుకోకండి. నా కింద ఉన్నది ఒక కుర్చీ, అదీ మూడు కాళ్లది. నాలుగో కాలు బదులు ఇటుక పెట్టుకున్నాను.

పని కష్టమైనది కాదు, కానీ తప్పనిది. పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం అయిదున్నరకు తెల్లరంగు చెక్కపెట్టె తలుపు తీసి లోపలున్న నాలుగు థర్మామీటర్లు చదవాలి. రెండు ఆ పూట వేడిని చెబుతాయి. వాటిలో ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది, గాలిలో తేమ లెక్క దాన్నుంచి వస్తుంది. మిగిలిన రెండూ ఆ రోజు ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అన్నది గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత రెయిన్‌గేజి మూత తీసి, లోపలి నీళ్లను గాజు కొలపాత్రలో పోసి చూడాలి. అప్పట్లో వాన లెక్క అంగుళాల్లో ఉండేది. అంగుళంలో నూరోవంతు ఒక సెంటు. ఒక్క సెంటు కూడా తేలకపోతే ‘ట్రేస్’ అని రాయాలి. అంటే పడింది గానీ లెక్కలోకి రాదు అని. నెలాఖరు కూడికలో దాని విలువ సున్నా. ఇవన్నీ అయిదేసి అంకెల గుంపులుగా మార్చి తంతి కొట్టించాలి.

కర్నూలు రెయిన్‌గేజిలో ఏడాదిలో ముప్పాతికవంతు రోజులు నాకు దొరికినవి దుమ్మూ, ఒకటీ అరా చీమలూ. చీమలకు కోడ్ లేదు. అందుచేత సున్నాలు చుడుతూ కూర్చునేవాణ్ణి. ఊళ్లో నా అసలు పేరు మరుగునపడి ‘సున్నాలు’ అనే పేరు నిలిచింది. మా ఆవిడ మాత్రం, “మీ వానకంటే మీ జీతమే నయం, నెలకొకసారైనా పడుతుంది” అనేది. కర్నూలు అప్పుడు రాజధాని. సర్కారు ఆఫీసులు కొన్ని గుడారాల్లో నడిచేవి. గాలి లేచి ఒక గుడారం కూలితే, ఆ గాలిని నేనే వదిలినట్టు గుమాస్తాలు నా వైపు చూసేవారు.

ఆ ఊళ్లో నన్ను నమ్మినవాడు ఒక్కడే, పక్కింటి ఓబుళరెడ్డి. వ్యవసాయ శాఖలో అధికారి. కోడుమూరు దగ్గర మెట్టపొలాల్లో జొన్న మీద పరిశోధన చేసేవాడు. వాన తక్కువైనా పంట ఎలా నిలబడుతుందన్నది అతని చదువు. 1955లో అతనికి పారిస్ నుంచి పిలుపొచ్చింది. మెట్టసేద్యం మీద దేశదేశాలవాళ్ల సదస్సు. అక్టోబరు చివర మొదలై రెండు వారాలు. మూడో రోజున ఇతను అరగంట మాట్లాడాలి.

మాట్లాడటానికి అయిదు పటాలు గీయించాడు. నాలుగడుగుల కాగితాల మీద నీటిరంగులు. వాన గీత నీలం, జొన్న గీత పసుపు. నీలం గీతకు అంకెలన్నీ మా ఆఫీసు రిజిస్టరువే, చివరి ఏడాదివి నేను రాసినవే. పటాలకు రెండో ప్రతి లేదు. ఆ పటాలు గోడకెక్కితేనే అతని ఏడేళ్ల కష్టాన్ని నలుగురు చూస్తారు, లేకపోతే అరగంటసేపు నత్తి ఇంగ్లీషు వింటారు. ఈ మాట అతనే అన్నాడు. నా మటుకు నాకు, నా సున్నాలు విమానమెక్కి పారిస్ పోతున్నాయన్న గర్వం ఉండేది. నేను మాత్రం డోన్‌లో పుట్టి, ఉద్యోగరీత్యా గుంతకల్లు దాకా చూసినవాణ్ణి.

చిక్కు విమానం దగ్గర వచ్చింది. మనిషికి నలభై నాలుగు పౌండ్ల సామానే. మండీ నుంచి వేలాడే కాటా తెప్పించి, ఓబుళరెడ్డి ఇంట్లో దూలానికి కట్టి తూచాం. ఉన్ని సూటు, పుస్తకాలు, బిస్కట్ల డబ్బా నిండా నల్లరేగడి మట్టి, రబ్బరు వానకోటు, గొడుగు, రబ్బరు బూట్లు, పటాలు పెట్టుకోవడానికి రేకు గొట్టం. పది పౌండ్లు ఎక్కువ తేలింది. ఏది తియ్యాలి? మట్టి తియ్యడానికి అతను ఒప్పుకోడు. “ఏమప్పా సున్నాలూ, ఆ ఊరి వాతావరణం ఏందో నీవే చెప్పు. నీవు ఏది తియ్యమంటే అది తీస్తా” అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో ఒక మనిషి నన్ను వాతావరణం గురించి ముందుగా అడగడం అదే మొదలు. అందరూ అంతా అయిపోయాక తిట్టడానికి వచ్చేవాళ్లే. ఆ ఉత్సాహంలో ఆఫీసు బీరువాలోంచి లండన్‌లో అచ్చయిన ప్రపంచ నగరాల శీతోష్ణ పట్టికల పుస్తకం తెచ్చాను. అట్టలు పలకల్లా ఉండేవి. ఎత్తితే భుజం నొప్పి.

పారిస్ పేజీ తీశాను. చలి ఉంది, ఉన్ని సూటు ఉండాలి. ఎండ అంతంతమాత్రం. ఇక ఏడాది వాన చూస్తే ఆశ్చర్యం! దాదాపు మన కర్నూలు లెక్కే. ఒకటి రెండు అంగుళాలు మనదే పైచేయి. అతను ఉండబోయే నెలకు రెండంగుళాల చిల్లర. పక్క గడిలో ఆ నెల వానరోజులు పదిహేను అని వేసి ఉంది.

ఇక్కడ నా వృత్తి నన్ను ముంచింది. మాకు వానరోజంటే కనీసం పది సెంట్లు పడాలి. రెండంగుళాల వానను నేను కర్నూల్లో ఒక్క సాయంత్రం గంటన్నరలో కొలిచాను. ఆ కాసిని నీళ్లు పదిహేను రోజులపాటు ఎలా పడతాయి? చెంచాతో పోస్తారా? అచ్చుతప్పని తేల్చేశాను. పెన్సిలుతో ఒకటి కొట్టేసి, పదిహేనును అయిదు చేశాను. ప్రభుత్వ పుస్తకంలో గీతలు పెట్టకూడదన్న నియమం ఉంది గనక, మెల్లగా పెట్టాను.

తర్వాత సాధికారంగా తీర్పు చెప్పాను. వానకోటు, గొడుగు, బూట్లు, రేకు గొట్టం దిగిపోవాలి. పటాలకు గుడ్డసంచి చాలు. కర్నూలంత వానకు రేకు గొట్టమా?

అప్పుడు వంటింటి తలుపు దగ్గింది.

తలుపు వెనక ఉన్నది ఓబుళరెడ్డి అత్తగారు కొండమ్మగారు. అల్లుడు లేనన్నాళ్లూ కూతురికి తోడుండటానికి కమలాపురం నుంచి వచ్చారు. ఆ రోజుల్లో ఆ ఇళ్లల్లో అత్త అల్లుడి ఎదుట పడదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఆమె చెప్పదలచుకున్నది నాతో చెప్పేవారు. అతని జవాబూ నాకే. పదడుగుల దూరానికి నేను తంతి ఆఫీసునయ్యాను.

“ఏమప్పా, గొడుగు తీసేయమని చెప్తాండావంట?”

“అవునమ్మా. గొడుగు ఎండకు గదా. ఆడ ఎండే లేదు.”

“మబ్బుంటాదా?”

“శానా ఉంటాది. నెలంతా మబ్బే.”

“అంత మబ్బుండి వాన పడదా?”

“పడతాది గానీ, మన కర్నూల్లో పడేంతే.”

తలుపు మళ్లీ దగ్గింది. తర్వాత, “అది వానా, ముసురా?” అన్నారు.

అన్నేళ్ల సర్వీసులో ఏ తనిఖీ అధికారీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. “ముసురుకు మా రిజిస్టరులో గడి లేదమ్మా” అన్నాను.

“గడి లేకపోతే ముసురు పట్టదా నాయనా?”

ఓబుళరెడ్డి కలగజేసుకున్నాడు. “ఏమప్పా, మా అత్తకు చెప్పు. నేను పోతాండేది పారిస్‌కు, గొర్లు మేపేదానికి కాదు.”

“గొర్లు మేపేవాడు మబ్బు జూసి కంబళి యెత్తుకుంటాడని, నీవే చెప్పప్పా మా అల్లునికి.”

తంతిలో మాటలు మార్చకూడదు. రెండు సందేశాలూ ఉన్నవి ఉన్నట్టు అందజేశాను. గెలిచింది శాస్త్రం. నాలుగు వస్తువులూ దిగిపోయాయి. పెట్టెలో ఇంకా జాగా మిగలడంతో, నా ఆనందం కొద్దీ పట్టికల పుస్తకం కూడా అతనికిచ్చాను. సదస్సులో ఎవరైనా వాన గురించి అడిగితే తీసి చూపించమన్నాను. కాటా సరిగ్గా నలభై నాలుగు దగ్గర ఆగింది. మర్నాడు అతన్ని రైలెక్కించాం. డోన్, గుంతకల్లు మీదుగా బొంబాయి, అక్కణ్ణుంచి విమానం. గుడ్డసంచిలో పటాలు బిడ్డలా చంకన పెట్టుకున్నాడు.

అతను రైలెక్కిన మూడో రోజు పొద్దున కొండమ్మగారి నుంచి కబురు. వెళ్తే వరండాలో ఊరగాయ జాడీ. జాడీ మూత మీద బరువుగా ప్రపంచ నగరాల శీతోష్ణ పట్టికలు.

“నీ వానల పుస్తకం ఈడ్నే ఉండాదప్పా. తీసుకపో. నూనె అంటలేదులే” అన్నారు తలుపు వెనక నుంచి. నా ఎదుట ఆమెకు ఆ తలుపు చాటు అవసరం లేదు, ఆ పూట మాత్రం నవ్వు దాచుకోవడానికి కావలసి వచ్చినట్టుంది.

జరిగింది ఇది. తూకం ముగిశాక ఆమె ఒక చేత్తో నా పుస్తకం, ఇంకో చేత్తో కమలాపురం నుంచి తెచ్చుకున్న నల్లకంబళి పట్టుకుని చూశారు. పత్తి కూలిలో చేతితూకం నేర్చిన మనిషి. రెండూ సరిపోయాయి. పుస్తకం దించి కంబళి పెట్టారు. అంటే నా శాస్త్రం మొత్తం ఒక గొర్రెల కంబళి బరువు తూగింది.

నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. సూటు మీద కంబళి చూసి పారిస్‌వాళ్లు ఏమనుకుంటారో అని మా ఆవిడకు చెప్పి మళ్లీ నవ్వాను. ఆ నవ్వు నీలిరంగు విమానపు ఉత్తరం వచ్చేదాకా ఉంది.

“సున్నాలుకు, దిగినప్పటి నుంచీ ముసురు. నీవు ట్రేస్ అని రాస్తావే, అది ఈడ రోజూ పడతాంది. తల తడుస్తాది, నీ గాజుపాత్ర తడవదు. పెట్టె తెరిస్తే నీ పుస్తకం లేదు, కంబళి ఉండాది. మా అత్తను తిడదామంటే ఆమెతో నాకు మాటల్లేవు గదా.”

సదస్సు మూడో రోజు పొద్దున అతను బస నుంచి సదస్సు జరిగే మేడకు నడిచి వెళ్లాలి. మైలు దూరం. ముసురు సన్నగా, ఆగకుండా పడుతోంది. చంకలో గుడ్డసంచి, సంచిలో నీటిరంగులు. గుమ్మంలో నిలబడి కాసేపు నన్ను తలచుకున్నాడట. ఏమని తలచుకున్నాడో ఉత్తరంలో రాయలేదు. పెద్దమనిషి. తర్వాత కంబళి తీసి, మన గొర్లకాపరులు చేసినట్టే ఒక మూల లోపలికి మడిచి మొనదేలిన టోపీలా తలకెక్కించాడు. మిగిలింది వీపు మీదుగా మోకాళ్ల దాకా జారింది. పటాలు లోపల పొట్టకు ఆనించుకున్నాడు. గొర్రె ఉన్ని మీద ముసురు నిలబడుతుందే తప్ప ఇంకదు.

మేడ దగ్గర కాపలాదారు లోపలికి రానివ్వలేదు. పిలుపు కాగితం చూపించాక సెల్యూట్ కొట్టాడు. లోపల ఒక దొర, తడిసిన తన పటాలు నేలమీద పరిచి ఆరబెట్టుకుంటున్నాడు. ఓబుళరెడ్డి కంబళి విప్పి అయిదు పటాలూ గోడకు తగిలించాడు. ఒక్క చుక్క చెదరలేదు. అధ్యక్షుడు ఆ దుస్తుల పేరేమిటని అడిగాడట. మా మెట్టప్రాంతపు వానకోటు అని ఇతను చెప్పాడు. “జొన్న మీద మూడు ప్రశ్నలడిగినారు, కంబళి మీద పదకొండు. తడిసిన కంబళి వాసనకు నా పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్యాయి. కాళ్లు చాపుకుని కూర్చున్యా” అని ముగించాడు.

ఉత్తరం కొండమ్మగారికి చదివి వినిపించాను. మనిషి పొంగిపోలేదు. “పటాలు తడవలేదు గదా?” అని మాత్రం అడిగి, జాడీ మూత మీద ఇప్పుడు వేరే రాయి పెట్టానని చెప్పారు.

ఇంటికొచ్చి పారిస్ పేజీ మళ్లీ తీశాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వివరణ ఉంది. ఆ పట్టికలో ఒక్క సెంటు పడినా వానరోజే. పదిహేను పదిహేనే. రబ్బరుతో నా పెన్సిలు గీత చెరిపాను. అది చెరిగింది గానీ కాగితం కొంచెం నలిగింది. ఆ నలిగిన చోటు తర్వాత వచ్చిన అబ్జర్వర్లందరూ చూసే ఉంటారు.

ఆ నవంబరు నుంచి రిజిస్టరు చివరి ‘రిమార్కులు’ గడిలో, ట్రేస్ పడ్డ రోజున ఎన్ని గంటలు పడిందో కూడా రాయడం మొదలుపెట్టాను. తనిఖీకి వచ్చిన అధికారి ఇదేమిటని అడిగాడు. ముసురు సార్ అన్నాను. దానికి గడి లేదు కదా అన్నాడు. లేదు గనకనే ఇక్కడ రాస్తున్నాను అన్నాను. ఆయన సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. నమ్మబుద్ధి కాని అంకె కనబడితే, దాన్ని దిద్దకముందు పేజీ అడుగున చిన్న అక్షరాలు చదవాలి. ఎంత పడుతుంది అన్నదానితో పాటు ఎన్నాళ్లు పడుతుంది అని కూడా అడగాలి. ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు అబ్జర్వరు సలహా వినవచ్చు గానీ, అతను వెళ్లిపోయాక ఎవరైనా ఒకసారి పెట్టె తెరిచి చూడటం మంచిది.