ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళు

జ్వరాల వార్డులో ఆయాగా చేసే ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు. ఉక్కుపిండం అని కేకేస్తే చాలు, ట్రాలీ తోసుకుంటూ ప్రత్యక్షమయ్యేది. ఊరిమీద పడ్డ మాయదారి అంటుజ్వరం మొదటి విడతలోనే ఆవిణ్ణి మంచాన పడేసి, చివరికి ఎలాగో వదిలేసింది. అప్పట్నుంచీ హెడ్ నర్సు వార్డులో ఒక పద్ధతి పెట్టింది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకి మళ్ళీ రాదట. కాబట్టి రోగుల్ని ఎత్తడం, పక్కలు మార్చడం వాళ్ళ పని. మంచి మాస్కులేమో ఇంకా రానివాళ్ళకి. ఆహా, ఏం తెలివండీ!

ఆవిడా పొంగిపోయింది, అబద్ధమెందుకు. "నాకేం కాదక్కా, నా ఒంట్లో కాపలా ఉంది" అని ఇంట్లో గొప్పలు పోయేది. తల్లి పోయాక ఆవిణ్ణి పెంచింది ఆ అక్కే. ఆయాసం మనిషి, నాలుగు మెట్లెక్కితే కూలబడిపోయేది. అక్కకి అంటుతుందేమోనని అన్నాళ్ళూ వసారాలో పడుకున్న చెల్లెలు, ఇక భయం లేదన్నాక లోపలికొచ్చేసింది. ఒకే మంచం, ఒకే దుప్పటి, తెల్లారినా తెగని కబుర్లు.

ఈలోగా జ్వరం వేషం మార్చింది. ఆవిడకి గొంతులో కాస్త గరగర, అంతే. దుమ్మేలే అనుకుంది. ఆ వారంలోనే అక్కకి ఊపిరాడలేదు. తను పనిచేసే వార్డుకే తీసుకెళ్ళింది. అక్క మళ్ళీ ఇంటికి రాలేదు.

పెద్ద డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "వైరస్ పైపొర మారిపోయిందమ్మా. పాతదాన్ని అడ్డుకునే యాంటీబాడీలు దీన్ని సరిగ్గా పట్టుకోలేకపోయాయి, అందుకే నీకు మళ్ళీ సోకింది. కాకపోతే పాత జబ్బు నేర్పిన పాఠం నీ ఒంటికి కొంత గుర్తుంది, ముదరనివ్వలేదు. మీ అక్కకి ఆపాటి రక్షణ కూడా లేదు."

"అంటే నన్ను కాపాడింది గానీ, నా నుంచి అక్కకి పోకుండా ఆపలేదు. అంతేనాండీ?"

"అంతేనమ్మా" అన్నాడాయన.

ఆవిడకి ఎవర్ని తిట్టాలో తెలియక, చివరికి తన ఒళ్ళంటేనే అసహ్యం పుట్టింది.

తిరిగి పనిలోకొచ్చిన రోజు హెడ్ నర్సు భుజం తట్టింది. "ఊరుకో, ఏం చేస్తాం. ఒకందుకు మంచిదేలే, నీకిప్పుడు పాతదీ కొత్తదీ రెండూ వచ్చేశాయి. చివరి గదిలో కేసులు నువ్వే చూసుకో."

"అది మళ్ళీ మారితేనో?"

"మారితే మాత్రం నీకేమవుతుందే?"

"నాకేమీ కాదు సిస్టర్. ఇంటికి మోసుకెళ్ళినా, అంటుకోడానికి అక్కడింకెవరూ లేరు" అని ఆవిడ చివరి గదిలోకి వెళ్ళింది.