స్విచ్చి లేని దంతం

లైటు బోర్డులు కట్టే మేస్త్రి తన ముప్ఫయ్యేళ్ళ వృత్తిలో సృష్టించిన మహాకావ్యం, తన ఇంటికి ఎదురుగా ఉన్న పళ్ళ డాక్టరు క్లినిక్కు మీది దంతం. నిలువెత్తు దంతం, రాత్రింబవళ్ళు ధగధగా వెలిగే దంతం. "ఇది ఆరే ప్రశ్నే లేదు" అని డాక్టరుకు మాటిచ్చి, ఆ మాట తప్పే అవకాశం ఎవరికీ ఉండకూడదని ఆయన దానికి స్విచ్చి పెట్టలేదు. పడుకుని చూసుకోవచ్చని తన పడకగది కర్టెను కూడా పీకేశాడు.

ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు. నిద్ర మాత్రం లేదు.

నేరం టీది అనుకుని టీ మానేశాడు. పరుపు మార్చాడు. తల దిక్కు మార్చాడు. దాంతో, అప్పటిదాకా చెంపమీద పడుతున్న వెలుగు తిన్నగా కళ్ళలో పడింది.

"ఆ పన్నేనండీ," అనేది భార్య. ఆమె ముసుగు తన్ని హాయిగా పడుకునే మనిషి.

"పన్నుకీ నిద్రకీ సంబంధం ఏంటే?"

"నొప్పెట్టినా నిద్ర పట్టదు, వెలిగినా పట్టదు."

ఆయన నిచ్చెన ఎక్కితే కింద పట్టుకునేది ఆవిడే. ఒక సోమవారం, రొట్టెల దుకాణం గోడకు కన్నాలు వేస్తూ మేస్త్రి ఎనిమిదో మెట్టు మీద కునుకు తీశాడు. డ్రిల్లింగు మిషను ఆవిడ భుజం పక్కనుంచి దూసుకొచ్చి నేలమీద పడింది. ఆవిడ ఆయన్ని దింపి, నిచ్చెన ఇంటికి మోయించి, తాళం వేసింది.

"మీరు ఒక్క రాత్రి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయేదాకా నేను నిచ్చెన పట్టను. ఇంకెవర్నైనా చూసుకోండి."

ఇంకొకరి చేతిలో ఉన్న నిచ్చెన ఎక్కే ధైర్యం మేస్త్రికి లేదు. పని ఆగిపోయింది. రొట్టెల దుకాణదారు మాత్రం రోజూ వచ్చి, "నా బోర్డు ఎప్పుడు?" అని నిలదీస్తున్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం మేస్త్రి షెడ్డులో ఆ బోర్డు కోసం రేకుతో చేసిన పెద్ద డొల్ల రొట్టెను పరీక్షకు పెట్టాడు. వెలుతురు కారే సందులున్నాయేమో చూడాలంటే మనిషి లోపలికి దూరాల్సిందే. నడుం దాకా దూరి, మిగిలిన ఖాళీని నల్లగుడ్డతో మూశాడు. చిమ్మచీకటి. ఒక్క సందూ లేదు. పనితనాన్ని మెచ్చుకునేలోపే గుర్రు మొదలైంది.

అయిదు గంటల తర్వాత భార్య కాళ్ళు పట్టి లాగింది. "ఏమండీ! ఉన్నారా?"

"లీకు లేదే," అంది రొట్టె.

బయటికొచ్చిన మేస్త్రి మొహం తేటగా ఉంది, మనసు మాత్రం కుదుటపడలేదు. రేకుమీద అంత నిద్ర పట్టిందంటే పరుపు నిర్దోషి. టీ నిర్దోషి.

"ఇక రోజూ రొట్టెలో పడుకుంటారా, డాక్టరుతో మాట్లాడతారా?"

తన కావ్యాన్ని తనే కొట్టేయమని అడగబోయే కవిలా మేస్త్రి క్లినిక్కు మెట్లెక్కాడు. "డాక్టరుగారూ, మన దంతానికి... చిన్న స్విచ్చి..."

డాక్టరు ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "ఏడాదిగా ఈ మాట కోసమే చూస్తున్నా మేస్త్రీ! పై గదిలో కళ్ళకి తువ్వాలు కట్టుకుని పడుకుంటున్నా. మీరు నొచ్చుకుంటారని నోరెత్తలేదు."

"ఈ ఒక్కదానికీ పట్టుకుంటాను," అని భార్య నిచ్చెన తాళం తీసింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి దంతం ఆరింది. కిటికీలో ఏడాది తర్వాత మొదటిసారి ఆకాశం కనబడింది. మేస్త్రి తీరిగ్గా బాధపడదామని నడుం వాల్చాడు. బాధ రావడం కాస్త ఆలస్యమైంది, ఈలోగా నిద్ర వచ్చేసింది.

"లేవండీ, పదయింది!" పొద్దున్న గుమ్మంలోంచి భార్య కేకేసింది. "రొట్టెలాయన వచ్చి కూర్చున్నాడు. ఈ నిచ్చెన పట్టుకుని నేనెంతసేపు నిలబడను?"