ఎనిమిదో ఎపిసోడ్‌లో మామిడికాయ

2015 ఫిబ్రవరి చివర్లో నన్ను అరకు పంపారు. అప్పటికి నేను హైదరాబాదులో ఒక తెలుగు ఛానెల్లో సీనియర్ వీడియో ఎడిటర్ని. మామూలుగా ఎడిటర్లను లొకేషన్‌కి పంపరు. షూటింగు ఎక్కడ జరిగినా మెమరీ కార్డులు మా చీకటి గదికి వస్తాయి, మేము కోస్తాం, అతుకుతాం. ఈ సీరియల్ డైరెక్టరు శ్రీకర్ మాత్రం ఏ రోజు తీసింది ఆ రోజే కూర్చి చూసుకుంటానని పట్టుబట్టాడు. లేకపోతే మర్నాడు ఏం తీయాలో తనకి తెలియదన్నాడు. కుర్రాడు, మొదటి సీరియలు, పైవాళ్లు సరే అన్నారు. ఆ సరేకి మూల్యం నేను.

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఉద్యోగమంతా కూర్చునే చేశాను, అది వేరే సంగతి. అరకు లాడ్జిలో నాకొక గది, రెండు మానిటర్లు, కింద జనరేటరు ఇచ్చారు. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. రెండు రోజులకే విసుగెత్తి, పెట్టే, ఒక మానిటరూ సర్దుకుని యూనిట్‌తో పాటు జీపెక్కాను. పెదబయలు దాటాక జీపు దారి ఆగిపోయేచోట ఉండేది మా షూటింగు ఊరు.

సీరియల్ పేరు 'దూరపు చుట్టం'. పదమూడు ఎపిసోడ్ల సైన్స్ ఫిక్షన్. ఇప్పుడు దాన్ని తలుచుకునేవాళ్లు లేరు, తలుచుకున్న ఒకరిద్దరూ నవ్వుతారు. ఆకాశం నుంచి దిగినవాడు పెదబయలు వచ్చి మామిడికాయ కోసం కూర్చున్నాడట అని ఆ మధ్య ఒక పెళ్లిలో, దాన్ని యాప్‌లో చూసిన ఒకాయన నా పక్కనే కూర్చుని నవ్వాడు. భోజనాల బంతి కాబట్టి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోనక్కర్లేదు.

కథ ఇది. చుట్టం అనేవాడు వేరే లోకం నుంచి కొండల్లో ఒక ఊరికి వస్తాడు. అతని లోకంలో కోరికకీ, అది తీరడానికీ మధ్య ఖాళీ లేదు. దాహం వేసేసరికే నీళ్లు నోట్లో ఉంటాయి. ఆలస్యం అనే మాట వాళ్ల భాషలోనే లేదు. అలాంటివాడు మన మధ్య ఎలా బతుకుతాడన్నదే సీరియలంతా. గ్రాఫిక్స్ లేవు, ఎగిరే పళ్లెం లేదు, ఇదేం సైన్స్ ఫిక్షనని ఆ రోజుల్లో అందరూ తిట్టారు. చుట్టం దిగే దృశ్యాన్ని సరిగా చూసి ఉంటే అలా అనేవాళ్లు కాదు. కళ్లంలో ఆడవాళ్లు కాఫీ గింజలు ఎండబోస్తుంటారు. ఉన్నట్టుండి ఒక్కో మనిషికి రెండు నీడలు పడతాయి. ఆ రెండో నీడ కాసేపుండి పోతుంది. అంతే, చుట్టం వచ్చేశాడు. ఎదురు కొండ వాలులో నిలువెత్తు అద్దాలు పెట్టి, వాటితో ఎండని కళ్లంలోకి తిప్పి తీశారు దాన్ని. అద్దాలు మోసినవాళ్ల భుజాలు వాచిపోయాయి. కంప్యూటర్లో చేస్తే ఒక పూట పని. కానీ అందులో ఆడవాళ్లు నేల వైపు చూసి ఉలిక్కిపడడం నటన కాదు.

నా వంతు పని ఇంకొకటి. ఆలస్యం తెలియని మనిషి కాబట్టి, ఎదుటివాళ్ల ప్రశ్న పూర్తికాకముందే చుట్టం జవాబు వినపడాలని శ్రీకర్ అడిగాడు. టీవీలో సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు నడుస్తాయి, ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటాం. మొదటి ఎపిసోడ్‌లో అతని జవాబుని కొన్ని ఫ్రేములు ముందుకి లాగాను. ఎపిసోడ్లు గడిచేకొద్దీ ఆ లాగడం తగ్గించుకుంటూ వచ్చాను. చూసేవాళ్లకి కారణం తెలియదు, కానీ ఇతను మనలో కలుస్తున్నాడని అనిపించాలి. ప్రసారానికి ముందు టేపులో లోపాలు వెతికే విభాగాన్ని మేము క్యూసీ అంటాం. వాళ్లు మొదటి రెండు ఎపిసోడ్లనీ మాటకీ బొమ్మకీ పొంతన లేదని తిప్పికొట్టారు. కావాలని చేశామని రాసి మళ్లీ పంపాను. ఇంత ఓపికగా కట్టిన సీరియల్ తెలుగులో నేను మరొకటి చూడలేదు. చూపించండి, ఒప్పుకుంటాను.

మామిడికాయ సంగతికి వస్తాను. మొదటి స్క్రిప్టు ప్రకారం ఎనిమిదో ఎపిసోడ్‌లో చుట్టం చెట్టున కాయ చూస్తాడు, కోస్తాడు, తింటాడు. అర పూట పని. చుట్టం వేషం వేసిన అప్పన్న శ్రీకాకుళం నాటకాల మనిషి. అతను కొమ్మకి చెయ్యెత్తగానే రాజులమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది. రాజులమ్మది ఆ ఊరే. సీరియల్లో చుట్టానికి అన్నం పెట్టే ముసలమ్మ వేషం ఆమెది. కెమెరా తిరుగుతూనే ఉంది, ఇది స్క్రిప్టులో లేదు.

"కొత్త అవ్వనేదు బాబూ. తినకూడదు," అంది.

ఆ కొండల్లో ఏ పంటైనా, కాయైనా ముందు దేవతకి పెట్టి, ఊరంతా కలిసి పండగ చేసుకున్నాకే నోట్లో పెడతారు. మామిడికి చేసే పండగ మామిడి కొత్త. మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. నేను విజయనగరం పక్కదాన్ని, పుట్టిన దగ్గర్నుంచి ఆ కొండలు చూస్తూ పెరిగినదాన్ని, నాకూ తెలియదు. ఆర్టు విభాగం కుర్రాడొకడు తెలివిగా, చెట్టు కాయ ముట్టుకోం, విశాఖ మార్కెట్టులో కొన్న కాయ ఇస్తామన్నాడు. రాజులమ్మ ఒప్పుకోలేదు.

"కాయి ఎక్కడిదైతే ఏటి? టీవీలో మా సెట్టు కిందే కదా తింతాడు. మేం పక్కనే నిల్సోని సూత్తన్నట్టే కదా."

పండగ ఎప్పుడని అడిగితే పూజారి ఇంకా రోజు పెట్టలేదన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. యూనిట్ మొత్తం ఛానెల్ ఖర్చు మీద తింటూ కూర్చుని ఉంది, మేమేమో కాయ ఎప్పుడు తినొచ్చో తెలియక చూస్తున్నాం. ఆ సీను వేరేచోట తీసుకుందాం, లంబసింగి వైపు బోలెడు చెట్లున్నాయి అని శ్రీకర్‌తో గట్టిగానే అన్నాను. అతను నా మాట విన్నట్టే లేడు. చెట్టు కింద కూలబడి స్క్రిప్టు వెనక పేజీలో ఏదో రాసుకుంటున్నాడు. లేచి వచ్చి, చుట్టం కూడా ఆగుతాడు మేడం అన్నాడు. ఆలస్యం తెలియనివాడు మొదటిసారి ఆగడం, ఎపిసోడ్ మొత్తం అదేనన్నాడు. తరవాత పూజారి ముందూ, రాజులమ్మ ముందూ నిలబడి, కొత్త అయ్యేదాకా మా చుట్టం కాయ నోట్లో పెట్టడని, ఊళ్లోనే కాదు టీవీలో కూడా పెట్టడని మాటిచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ తరవాత రోజులు నాకు నరకం. వేరే సీన్లు అయిపోయాయి, మిగిలింది ఆగడమే. గాలికి రాలిన ఒక పచ్చికాయని అప్పన్న చేతిలో పెట్టుకోవచ్చని రాజులమ్మ ఒప్పుకుంది, పట్టుకుంటే ఏమీ అవదంది. రోజూ పొద్దున్నా సాయంత్రమూ అతను ఆ కాయతో చెట్టు కింద కూర్చోవడం, మేము తీయడం. పశువులు వెళ్తాయి, వస్తాయి. రాజులమ్మ సామలు చెరుగుతుంది. ఇంకా ఎప్పుడని చుట్టం అడుగుతాడు, అయినప్పుడని ఆమె అంటుంది. కాయ మార్చలేదు, అదే కాయ. మానిటర్లో రోజురోజుకీ దాని తొక్క ముడతలు పడుతూ వచ్చింది. నేను ఆ ఊరి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో ఊళ్లో కుక్కలకి తెలుసు. మొదట్లో మొరిగేవి, తరవాత మానేశాయి.

పండగ వచ్చింది. పూజారి కాయ కోసి దేవతకి పెట్టి, అందరికీ పంచాడు. రాజులమ్మ చుట్టం చేతిలో ఒక ముక్క పెట్టింది. ఇప్పుడు తినొచ్చు. అప్పన్న తినలేదు. తన పక్కనున్న మనిషికి ముక్క అందేదాకా ఆగి, అప్పుడు తిన్నాడు. శ్రీకర్ చెప్పలేదు, నేనూ అనుకోలేదు. ఆ సాయంత్రం ఊళ్లో నాకిచ్చిన గదిలో ఆ షాట్ చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఎడిటర్ అన్నాక ఒకే షాటు వందసార్లు చూస్తాడు, అలాంటిది మామూలుగా జరగదు.

హైదరాబాదు వచ్చాక ప్రివ్యూ పెట్టారు. ప్రసారానికి ముందు ప్రోగ్రామింగ్ హెడ్ కూర్చుని చూడడాన్ని ప్రివ్యూ అంటారు, ఆయన మాటే చివరి మాట. డైరెక్టర్లది కాంట్రాక్టు ఉద్యోగం, తుది కూర్పు మీద హక్కు ఛానెల్‌ది. హెడ్ గారు చెడ్డవాడు కాదు. అప్పటికే సీరియల్ రేటింగు పడిపోయింది, పై నుంచి ఆయన్నీ సతాయిస్తున్నారు. ఎనిమిదో ఎపిసోడ్ చూశాక, ఇందులో ఏమీ జరగట్లేదు, ఎదురుచూపంతా తీసేయండి, పండగ డాక్యుమెంటరీలా ఉంది, అదీ తీసేయండి, కాయ పట్టుకున్నాడు, తిన్నాడు, అంతవరకు ఉంచి తొమ్మిదో ఎపిసోడ్‌తో కలిపేయండి అన్నారు. శ్రీకర్ ఒంటికాలి మీద లేచాడు. మాటా మాటా పెరిగింది, అతను బయటికి వెళ్లిపోయాడు, ఆ వారం ఫోనెత్తలేదు. పని నా టేబుల్ మీద పడింది.

చెప్పింది చెప్పినట్టు కోసి చూశాను. కాయ పట్టుకున్న చెయ్యి, వెంటనే ముక్క కొరుకుతున్న నోరు, పక్కన రాజులమ్మ. పండగ లేదు, ఆగడం లేదు. ఆమె పక్కనే నిలబడి, కొత్త కాకుండానే తిననిచ్చినట్టుంది. ఆమె భయపడింది సరిగ్గా అదే. ఏడు ఎపిసోడ్ల పాటు నేను ఫ్రేము ఫ్రేముగా కట్టుకొచ్చిన మార్పు కూడా అక్కడే కూలిపోయింది. చుట్టం మొదటి రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు, చూశాడు, తిన్నాడు.

హెడ్ గారి గదికి వెళ్లాను. కూర్చోమన్నారు, కూర్చోలేకపోయాను. నిలబడే మొత్తం చెప్పాను, ఊరికిచ్చిన మాట కూడా. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పద్మజగారూ, మీరు చెప్పింది నాకు అర్థమైంది. చూసేవాళ్లు అంతసేపు ఆగరు, రిమోట్ నొక్కేస్తారు."

ఎదురుచూపు తీసేయాల్సిందే అయితే తినడం కూడా తీసేస్తానన్నాను. అది కుదరకపోతే టైటిల్స్‌లో నా పేరు తీసేసి వేరే ఎడిటర్‌తో చేయించుకోమన్నాను. కాయ తినకపోతే ఎవరికేం పోయిందని ఆయన ఒప్పుకున్నారు. అలాగే ప్రసారమైంది. చుట్టం కాయ పట్టుకుంటాడు, తరవాతి సీనులో వాన. ప్రేక్షకుల నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు. సగం నష్టంతో బయటపడ్డాననీ, ఊరి మాట నిలబెట్టాననీ అనుకున్నాను.

సీరియల్ ముగిశాక ఊరివాళ్లకి చూపిస్తామన్న ఇంకో మాట మిగిలింది. హెడ్ గారిని అడిగితే అనుమతిచ్చారు, కోయని ఎనిమిదో ఎపిసోడ్ కూడా తీసుకెళ్లమన్నారు. శ్రీకర్, నేనూ ప్రొజెక్టరు పట్టుకుని వెళ్లాం. పొద్దు వాలాక బడి గోడ మీద వేశాం. వాళ్లని వాళ్లు చూసుకుని ఒకటే నవ్వులు. ప్రసారమైన వరసలోనే వేసుకుంటూ వచ్చాను. ఎనిమిదో ఎపిసోడ్‌లో వాన సీను మొదలవగానే రాజులమ్మ నా వైపు తిరిగింది.

"కొత్త అయిపోనాది కదా. ఆ బాబుకి ముక్కెట్టనేదేటి?"

టీవీవాళ్లు ఆ భాగం తీసేయమన్నారని చెప్పాను. కొత్త కాకుండా తిన్నట్టు కనపడకూడదనే తినడం కూడా తీసేశానని, ఆమెకి ఊరట కలుగుతుందనుకుని చెప్పాను.

"సుట్టాన్ని ఆకలితో ఒగ్గీసినామని అనుకుంతారు కదమ్మా సూసినోలు," అంది.

నిజమే. ఆగమని చెప్పినవాళ్లు పెట్టకపోతే అది ఇంకా పెద్ద తప్పు. నేను కాపాడాననుకున్న ఊరిని పిసినారి ఊరిగా చూపించాను. ప్రొజెక్టరు ఆపి, కోయని ఎపిసోడ్ పెట్టాను.

ఊరంతా కదలకుండా చూసిందని రాస్తే బాగుంటుంది, కానీ అలా జరగలేదు. ఎదురుచూపు మొదలవగానే ఇద్దరు చుట్టలు వెలిగించుకోవడానికి లేచారు. ఒకామె మేకల్ని కట్టేసి వచ్చింది. కాయ ముడతలు చూసి ఎవరో ఎవరినో ఆటపట్టించారు. అందరూ ఏవో మాట్లాడుకుంటూనే ఉన్నారు. పండగ వచ్చేసరికి మాత్రం వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు, ఎవరూ పిలవకుండానే. హెడ్ గారన్నట్టు వాళ్లు ఆగలేదు, కానీ పోనూ లేదు. ఎదురుచూడడమంటే అదేనని నాకు అక్కడ తెలిసింది. నాకు ఆ తిరగడం పుట్టుకతోనే వచ్చు, అయినా తెలియలేదు.

అయిపోయాక రాజులమ్మ లేచి చీర దులుపుకుంది. "అవతలిది ఇంకెవులికీ సూపించకండి," అంది. అవతలిది, అంటే నేను కోసింది, అప్పటికే రాష్ట్రమంతా చూసేసింది. మా రేటింగుల ప్రకారమైతే ఎవరూ చూడలేదు.

కొన్నేళ్లకి ఛానెల్ యాప్ పెట్టినప్పుడు, అక్కడ నిడివి గొడవ లేదు కాబట్టి, ఎనిమిదో ఎపిసోడ్ పూర్తిగా పెట్టించాను. ఇప్పటికీ ఉంది. చూసేవాళ్లు తక్కువ, మధ్యలో లేచి వెళ్లేవాళ్లు ఎక్కువే అయి ఉంటారు. లేచినా పరవాలేదు, తిరిగి రావాలి.

వృత్తిలోకి వచ్చే పిల్లలకి ఈ సంగతి ఇలా చెబుతుంటాను. ఎదురుచూపు కోసేస్తే తినడం తప్పుగా కనిపిస్తుంది. తినడం కోసేస్తే ఎదురుచూపు శిక్షగా మారుతుంది. రెండూ ఉంచడం కుదరనప్పుడు సగానికి బేరమాడకుండా, ఈ ఎపిసోడ్ వేయొద్దని చెప్పాలి. ఆ తరవాత నా ఉద్యోగంలో ఆ మాట రెండుసార్లు చెప్పాను. ఒకసారి విన్నారు.