ఉచిత దమ్ము పరీక్ష

ఎవరినీ తిట్టని, ఏ నిఘంటువులోనూ తప్పు కాని ఒక్క మాటతో ఒక డాక్టరును జనం చేత చుట్టుముట్టించి, మా అవ్వను నిరాహార దీక్షలో కూర్చోబెట్టి, ఒక రైలును తప్పించిన ఘనత నాది. వీటిలో ఏదీ నేను కావాలని చేయలేదు. కావాలని చేసింది ఒక్క బ్యానరే. మిగతావి వాటంతట అవే జరిగిపోయాయి.

అప్పట్లో నేను మహబూబాబాద్‌లో ఒక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర టెక్నీషియన్‌ని. వైద్య పరికరాల డిప్లొమా చదివి వచ్చినవాణ్ణి. గొట్టంలో ఊదితే ఊపిరి కొలిచే మిషన్, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ చూపే క్లిప్పు, మందును పొగమంచులా చేసి పట్టించే నెబ్యులైజర్ నా చేతి కింద ఉండేవి. ఏ పనైనా ఒకటి, రెండు, మూడు అని విడగొట్టుకోనిదే మొదలుపెట్టేవాణ్ణి కాదు. పప్పు ఎప్పుడు, పెరుగు ఎప్పుడు అని కూడా మనసులో వరుస ఉండేది. ఇలాంటివాడు పొరపాటు చేయడని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా రిలే దీక్షలు నడుస్తున్న చలికాలం అది. స్వైన్ ఫ్లూ కూడా అప్పుడే. జనం దాన్ని పంది జ్వరం అనేవాళ్లు. బస్సులో సీటు కావాలంటే ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, ఇద్దరు లేచి నిలబడేవాళ్లు.

మా డాక్టరుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవారు. ఆ జ్వరం మీద కొత్తగా ఏం తెలిసినా చదివి నాకు చెప్పేవారు.

"ఇది ఏటేటా వచ్చే ఫ్లూలా లేదోయ్ శ్రీనూ. ముసలివాళ్లను వదిలేసి వయసులో ఉన్నవాళ్లను పట్టుకుంటోంది. అయితే ముందునుంచీ ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం ఏ వయసైనా ప్రమాదమే. జ్వరానికి ఆయాసం తోడైతే ఒక్క పూట కూడా ఆగకూడదు."

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు మా అవ్వే కళ్లముందు మెదిలేది.

లచ్చవ్వ మా నాయిన తల్లి. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండేది. చలి మొదలైతే చాలు, ఆమె ఛాతీలోంచి పాత తలుపు తీసినట్టు చప్పుడు వచ్చేది. ఆ యేడు ఆ చప్పుడుకు జ్వరం కూడా తోడైంది. ఫోన్ చేసి మహబూబాబాద్ రమ్మంటే వినలేదు.

"నేను రాను కొడుకా. మూతికి గుడ్డ కట్టుకున్నోళ్ల నడుమ కూసుంటే నాకు లేని రోగం వస్తది."

"నీకు ఉన్న రోగమే చూస్తరు అవ్వా."

"ఉన్నది నాకెర్కనే గద. ఇంక చూసుడేంది?"

అవ్వ డాక్టరు దగ్గరికి రాకపోతే డాక్టరునే అవ్వ దగ్గరికి తీసుకుపోవాలని నిర్ణయించాను. ఘన్‌పూర్‌లో ఉచిత శిబిరం పెడదామన్నాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు. పొద్దుటి రైలుకు పోవాలి, మధ్యాహ్నం రైలుకు తిరిగి రావాలి. మరునాడు బంద్, ఆ రైలు తప్పితే ఇంకేదీ నడవదు. ఆ రెండు రైళ్ల మధ్యలో అవ్వను చూపించాలి. నా ప్రణాళిక మొత్తం అదే.

డాక్టరుగారు బ్యానరు మీదికి 'ఉచిత శ్వాసకోశ వ్యాధి నిర్ధారణ శిబిరం' అని రాసి ఇచ్చారు. నా భాషాభిమానం మేలుకుంది.

"సార్, ఇది చదివేసరికే మా వాళ్లకు ఊపిరి ఆడదు. మా దిక్కు ఆయాసాన్ని దమ్ము అంటరు. దమ్ము లేసింది, దమ్ముతోని పరేషాన్ అయితున్న, గిట్ల."

"దమ్మా? మా వైపు దమ్మంటే ధైర్యమోయ్."

"మా దిక్కు గది గూడ అంటరు సార్. ఏ దమ్మో సందర్భాన్ని బట్టి అర్థమైతది."

సందర్భం అన్న మాటను నేను చాలా ధీమాగా పలికాను. సందర్భం అప్పటికే ఘన్‌పూర్ బస్టాండు దగ్గర షామియానా వేసుకుని కూర్చుని ఉందని నాకు తెలియదు.

బ్యానరు మీద 'ఉచిత దమ్ము పరీక్ష శిబిరం' అని పడింది. అక్షరాలు ఎర్రగా, పెద్దగా వచ్చాయి. ముందు రోజు అవ్వకు ఫోన్ చేసి వరుసగా చెప్పాను. మైకులో దమ్ము ఉన్నోళ్లు రమ్మని పిలుస్తరు, మైకు మోగంగనే బయలుదేరు.

"ఎటు రావాలె కొడుకా?"

"మైకు యాడుంటె ఆడికే రా అవ్వా."

ఇంతకంటే స్పష్టమైన సూచన ఏ ఇంజినీరూ ఇవ్వలేడు.

ఘన్‌పూర్‌లో దిగితే టెంట్ హౌస్ సామానంతా దీక్షా శిబిరానికే పోయింది. ఆ దీక్షను నడిపే ఎల్లన్న ఆటో యూనియన్ నాయకుడు, పెద్ద మనసున్నవాడు. తన షామియానాలోనే సగం మాకిచ్చి నడుమ ఒక గుడ్డ కట్టించాడు. గుడ్డకు అవతల దీక్ష, ఇవతల మా మిషన్లు. బ్యానరును బయట చెట్లకు కట్టించాను.

"మైకు గూడ గిదే వాడుకోరి తమ్మీ. అందరిదీ పబ్లిక్ పనే గద."

మైకు ఒక్కటే. అది దీక్ష వైపు ఉంది. నేను ప్రకటన రాసి డాక్టరుగారికి ఇచ్చాను.

"నువ్వే చదవచ్చు కదోయ్."

"మీరు చదివితే విలువ ఉంటది సార్."

ఆయన వెళ్లారు. నేను ఇవతల ఊదే గొట్టాలను వరుసగా పేర్చుకుంటూ నా రచనను వింటున్నాను. అచ్చమైన కృష్ణా జిల్లా యాసలో ఇలా మొదలైంది.

"సోదరులారా, ఈ ఊళ్లో దమ్ము ఉన్నవాళ్లు ఎంతమంది?"

అవతల నినాదాలు ఆగిపోయాయి. జనం శ్రద్ధగా వింటున్నారని సంతోషించాను.

"దమ్ము ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా ముందుకు రావాలి. మా మిషన్‌లో ఒక్కసారి ఊదితే ఎవరి దమ్ము ఎంతో తేలిపోతుంది. ఎంతటి దమ్మునైనా తగ్గించే మందు మా దగ్గర ఉంది."

 ఆ మాటకు లేచిన అరుపుకు గుడ్డ ఊగింది. డాక్టరుగారు ఆ గుడ్డ సందులోంచి ఇవతలికి వచ్చారు. నేను చూడకుండానే అన్నాను.

"రెస్పాన్స్ మంచిగున్నది సార్."

"సందర్భం అర్థమైనట్టు లేదోయ్ శ్రీనూ."

మైకులో ఎల్లన్న గొంతు వినబడింది. "డాక్టరు సాబ్, మీరు పెద్దమనుషులు, మీ మీద మాకు కోపం లేదు. గాని గిప్పుడు, గీ టెంటుల నిలవడి, దమ్మున్నదా అని అడుగుడేంది? మా దమ్ము తగ్గిచ్చే మందు ఇంక పుట్టలే."

ఆ వెంటనే ఊళ్లో కుర్రాళ్లంతా మా వైపు వచ్చిపడ్డారు. ముందున్నవాడు చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"యాడున్నది గా మిషిను?"

"అన్నా, గా దమ్ము కాదు. దమ్మంటే రోగం," అన్నాను.

"మా దమ్ము రోగమా?"

ఆ వాక్యాన్ని ఇంకోలా చెప్పవచ్చని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం మిషన్ స్విచ్ వేసి గొట్టం అందించాను. అతను ఊదాడు. ఆ వయసుకు రావాల్సిన దానికంటే ఎక్కువే చూపించింది, అదే చెప్పాను. అది విని వెనకున్నవాడు తోసుకుని వచ్చాడు.

"వానికే అంతొస్తె నాకెంత రావాలె. జరుగు."

"నువ్వు బీడీలు తాగుతవ్. నీకు పొగే వస్తది," అన్నాడు ఇంకొకడు.

మనిషికో కొత్త గొట్టం ఇవ్వాలి. అది నియమం, అందులోనూ ఫ్లూ రోజులు. నేను నియమం తప్పలేదు. ఒక్కొక్కరూ ఊదడం, అంకె అడగడం, పక్కవాడిని వెక్కిరించడం, మళ్లీ ఊదుతానని వెనక్కి వరుసలో చేరడం. ఉబ్బసం ఉన్నవాళ్ల కోసం తెచ్చిన గొట్టాలన్నీ ఘన్‌పూర్‌లో అందరికంటే ఆరోగ్యవంతులు వాడేశారు.

"ఇంత మంచి ఊపిరితిత్తులు నా సర్వీసులో చూడలేదోయ్," అన్నారు డాక్టరుగారు గడియారం చూస్తూ. "మనక్కావలసినవాళ్లు ఒక్కరూ రాలేదు. మీ అవ్వ ఏది?"

అప్పుడు గుర్తుకొచ్చింది నా సూచన. మైకు యాడుంటె ఆడికే.

గుడ్డ పక్కకు తీశాను. దీక్షలో మొదటి వరుసలో, నడుమ కుర్చీలో, మెడలో బంతిపూల దండతో మా అవ్వ కూర్చుని ఉంది.

ఎల్లన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ అవ్వనా తమ్మీ? ఎంత మనిషి. దమ్మెవరికున్నదని డాక్టరు అడగంగనే మా పోరగాండ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. గీమె ఒక్కతే చెయ్యి లేపి, నాకున్నది బిడ్డా, పెండ్లయిన కాడికెల్లి ఉన్నది అన్నది. ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా అంటే, మా ముసలాయనకు గూడ ఉండె, గా దమ్ముతోనే పాణం ఇడిసిండు అన్నది. గాయన కోసం అందరం లేచి మౌనం పాటించినం."

మా తాత ఉబ్బసంతో పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు ఇంత గౌరవం బతికుండగా దొరకలేదు.

అవ్వ నన్ను చూసి చెయ్యి ఊపింది. "ఇదేం దవాఖాన... కొడుకా. దండేసిన్రు. మందియ్యరు... చాయ గూడ ఇయ్యరు."

"దవాఖాన కాదు అవ్వా, దీక్ష. నువ్వు ఉపాసం ఉన్నవ్. లే, పక్కకు పోదాం."

"ముందుగాల... చెప్పొద్దా? దండేసుకున్న. ఇప్పుడు లేస్తే... నలుగురు ఏమంటరు?"

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. అవ్వ రెండు మాటలకోసారి ఆగుతోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ భుజాలు పైకి లేస్తున్నాయి. డాక్టరుగారు నా వెనకే వచ్చి వంగి ఆమె వేలికి క్లిప్పు పెట్టారు. అంకె తొంభైకి బాగా కింద ఉంది. ఆయన గొంతు మారింది.

"నెబ్యులైజర్ ఇక్కడికే తే. జ్వరం కూడా ఉంది, ఆ ఫ్లూ కాదని చెప్పలేం. ఈ మందు పట్టిస్తే ఆమె ఊపిరి చుట్టూ చిమ్ముతుంది. పక్కన ఎవరూ ఉండకూడదు. అందరినీ బయటికి పంపించు."

నేను ఎల్లన్న వైపు తిరిగాను. "అన్నా, టెంటు ఖాళీ చెయ్యాలె."

ఎల్లన్న నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "పొద్దుగాల ఎస్సై వచ్చి గిదే మాటన్నడు. కాలేదు. నువ్వు చేయిస్తవా?"

"అవ్వకు ఊపిరి ఆడుతలేదన్నా."

అతను అవ్వ భుజాలు చూశాడు.  మైకు తీసుకుని, "దీక్షపరులంతా బయట చెట్ల కిందికి జరగాలె. దీక్ష ఆగది, జాగనే మారుతది," అన్నాడు. మైకు సెట్టుకు పెట్టిన జనరేటర్ వైరు పీకి నా చేతికిచ్చాడు. పక్క గుడ్డలన్నీ గాలి ఆడేలా పైకి కట్టించాడు.

దూరం జరిగిన జనంలోంచి ఒకాయనకు ధర్మసందేహం వచ్చింది. "ఎల్లన్నా, గా పొగ మింగితె దీక్ష పోతదా?"

"గాలి తిండెట్లయితది? నువ్వు పొద్దటి సంది పీల్చుడు బంద్ చేసినవా?"

అవ్వ ముఖానికి మాస్కు పెట్టి నేనూ డాక్టరుగారూ మూతులకు మాస్కులు కట్టుకుని నిలబడ్డాం. మధ్యాహ్నం రైలు కూత వినబడింది. డాక్టరుగారు స్టేషన్ వైపు తల తిప్పలేదు. ఆయన అంకెనే చూస్తున్నారు. నేను అవ్వ భుజాలు చూస్తున్నాను. రైలు వెళ్లిపోయిన చప్పుడు కూడా ఆగాక అవ్వ భుజాలు కొద్దికొద్దిగా కిందికి దిగాయి. అంకె తొంభై దాటింది. అవ్వ మాస్కు తీసి ఆగకుండా ఒక వాక్యం మొత్తం చెప్పింది.

"గా మైకు ఇటియ్యుండ్రి, ఒక మాట జెప్పాలె."

ఎల్లన్న మురిసిపోయి జనరేటర్ వైరు మళ్లీ మైకుకు కలిపించాడు. కుర్రాళ్లు నినాదం అందుకోవడానికి పిడికిళ్లు లేపి సిద్ధంగా ఉన్నారు. అవ్వ గొంతు బస్టాండు దాకా వినబడింది.

"బిడ్డలారా, పొద్దటి దాకా నాకు దమ్ముండె. ఇప్పుడు అసలే లేదు. గీ డాక్టరు తీసేసిండు. మీకెవరికన్న ఉంటే తీపిచ్చుకోండ్రి, మస్తు పాణం హాయిగున్నది."

లేచిన పిడికిళ్లు లేచినట్టే ఉండిపోయాయి. ఎల్లన్న కుర్చీలో కూర్చుండిపోయాడు. జనం వెనక కూరగాయల గంప దించుకుని నిలబడిన ఒకామె అప్పుడు అడిగింది.

"గా దమ్మా? గదైతె నాకు గూడ ఉన్నది."

ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక తండా నుంచి వచ్చిన ముసలాయన, ఒక్కొక్కరుగా కదిలారు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారట. కుర్రాళ్ల పందెమనుకుని రాలేదట. ఊదే గొట్టాలు లేవు కాబట్టి డాక్టరుగారు స్టెతస్కోపుతోనే అందరినీ చూశారు. ఎలాగూ రైలు లేదు.

సాయంత్రం ఎల్లన్న తన ఆటోలోనే అవ్వనూ మమ్మల్నీ వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. దారిలో డాక్టరుగారు జెండా కర్ర పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది, ఇంకెక్కడా చోటు లేదు. అవ్వ గొంతులోంచి తీసిన నమూనా పరీక్షకు పోయింది. పంది జ్వరం కాదని తేలేసరికి అవ్వ ఇంటికొచ్చి, దండ ఎండిపోయిందని బాధపడుతోంది.

బ్యానరు సంగతి మరిచిపోయాను. దీక్షపరులు జరిగి కూర్చున్నది దాని కిందే. 'ఉచిత దమ్ము పరీక్ష శిబిరం' అనే ఎర్ర అక్షరాల కింద వరుసగా కూర్చుని వాళ్లు దిగిన ఫొటో మరునాడు పేపర్లో వచ్చింది. వారం తర్వాత బ్యానరు తిరిగి తీసుకుందామని పోతే ఎల్లన్న ఇవ్వలేదు.

"గింత మంచి మాట మాకెవ్వలకు తట్టలే తమ్మీ. గిది ఈడనే ఉండనీ."

కాబట్టి చదివేవాళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఆ మాటను నోటితో గానీ, రాతతో గానీ, మైకుతో గానీ రోగానికి వాడను. ఎవరికైనా ఊపిరి ఆడడం లేదా అని అడగాల్సి వస్తే ఛాతీ మీద చేతులు పెట్టుకుని, నోరు తెరిచి, ఎగపోస్తూ చేసి చూపిస్తాను. అది చూసి ఎవరైనా జాలిపడి, "తమ్మీ, నీకు దమ్మున్నట్టున్నదే" అంటే సందర్భం వివరించను. తల వంచుకుని, "లేదన్నా, నాకు దమ్ము లేదు" అని ఒప్పుకుంటాను.